గొంతు చేబదులు

“మంచిగున్న సార్, సల్లగున్న,” అన్నాడు హన్మాండ్లు, సుభద్ర గొంతుతో.

గేటు ముందు నిలబడ్డ సుభద్ర పెదవులు కదిపింది. మాట ముందు పోయింది, పెదవి వెనక వచ్చింది. అయినా ఫరవాలేదు. స్వరద్వారానికి చెవులే గానీ కళ్లు లేవు. పౌరుల ముఖాల్లోకి తేరిపార చూడటం మర్యాద కాదని చట్టం. అది మాటను కూడా పెద్దగా పట్టించుకోదు, మాట అడుగున పారే సన్నటి వణుకును పట్టుకుంటుంది. ఒక క్షణం నెమరేసుకుని, నుదుట నీలం దీపం వెలిగించుకుని, “తేట” అని ప్రకటించి రెక్క తెరిచింది.

“పో సుభద్రా, తేటగ పో. లోపల పోగు తెంపకు, ఇంట్ల తగువు పెంచకు,” అన్నాడు హన్మాండ్లు, ఈసారి తన గొంతుతో. తన గొంతంటే సభలు నడిపే గొంతు. జాతర మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదివినా పెళ్లి పిలుపులా వినిపించే గొంతు.

తర్వాత అనసూయ. ఆమెది ఇసుకతో తోమిన స్టీలు గిన్నె గొంతు, చివర్లో చిన్న మోత. ఆమె వెనక రత్తవ్వ. రత్తవ్వ ముక్కుతో మొదలుపెట్టి నోటితో ముగిస్తుంది. వరసలో సగం మంది సొంతంగానే పలుకుతున్నారు. మిగతావాళ్లు అరచెయ్యి పలక మీద ఆనించి, గేటు పక్కనున్న సహాయ గూటి వైపు ఓరగా చూస్తున్నారు. ఆ చూపుకు మానేరుగడ్డలో ఒక పేరుంది. గొంతు చేబదులు.

గొంతు బొంగురుపోయినవాళ్ల కోసం, నత్తి ఉన్నవాళ్ల కోసం ప్రతి స్వరద్వారం పక్కనా ఒక మనిషి మైకు పట్టుకుని కూర్చోవాలని నిబంధన. మానేరుగడ్డ మిల్లులో ఆ మనిషి హన్మాండ్లు. అంతకుముందు మిమిక్రీ కళాకారుడు. యంత్రాలు ఎవరి గొంతైనా పలకడం నేర్చుకున్నాక, మిమిక్రీ అనే మాటలో రెండు ‘మి’లున్నా అతనికి మిగిలిందేమీ లేదు. అయితే గేటుకో బలహీనత ఉంది. యంత్రం గొంతును ఇట్టే పసిగడుతుంది గానీ మనిషి గొంతు వినబడితే మనిషేనని నమ్మేస్తుంది. ఇంకో గుణం, రోజూ విన్నదాన్ని బట్టి తన జ్ఞాపకాన్ని తనే దిద్దుకుంటుంది. జలుబులకూ వయసుకూ సర్దుకుపోవడానికట.

“ఒక్కొక్కరు రండమ్మా. అందరియీ గొంతెమ్మ కోరికలే, నాకున్నది ఒక్క గొంతమ్మా!”

వరస నవ్వింది. ఆ నవ్వుల్లో కొన్ని నిజమైనవే.

గేటు పైన ఉల్లాస శాఖ వారి పాత నినాదం వెలిసిపోయి కనిపిస్తోంది: ‘దేశానికి దిగులు, దిగుబడికి తెగులు’. దాని పక్కన గుండ్రంగా, పళ్లికిలిస్తూ వెలిగే సూర్యుడి దీపపు బొమ్మ. అదే నవ్వుబిళ్ల. ఈ మిల్లు నుంచి వెళ్లే ప్రతి తానుకూ అంచున ఆ బిళ్ల ఉంటుంది. సముద్రాల అవతల బట్ట కొనే మారాజులు మొదట పిల్లలు నేసిన బట్ట వద్దన్నారు. సబబే. విషపు రంగులు వద్దన్నారు. అదీ సబబే. ఆ తర్వాత ఏడుస్తూ నేసిన బట్ట కూడా వద్దన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే. మంచి ఉద్దేశాలకు మన దేశంలో గేట్లు మొలుస్తాయి, అంతే. గేటు గొంతుల్లో దిగులు పట్టుకుని ‘మబ్బు’ అన్న ఊళ్లకు ఆర్డర్లు ఆగాయి. ఆర్డర్లు ఆగిన ఊళ్లకు మబ్బు మరింత పట్టింది. ఏది ముందో ఏది వెనకో తేల్చడానికి ఉల్లాస శాఖ ఓ సంఘం వేసింది. ఆ సంఘం సభ్యులే దిగులుపడి సెలవు పెట్టారని హన్మాండ్లు చెబుతుంటాడు. “ఉల్లాస శాఖ గాదు, ఉల్లిగడ్డ శాఖ. పొర తీసినకొద్ది ఏడుపే.”

వరస పలచబడింది. చివర్న భూలక్ష్మి వచ్చింది.

అరచెయ్యి పలక మీద పెట్టింది. గూటి వైపు చూడలేదు. పెదవులూ కదపలేదు.

“నమస్కారం భూలక్ష్మి గారూ. ఇవాళ ఎలా ఉన్నారు?” అంది గేటు.

“దండిగున్న! సాంచాల లెక్క ఉరుకుతున్న!” అన్నాడు హన్మాండ్లు, భూలక్ష్మి గొంతుతో. ఆ గొంతులో ఒక గెంతు ఉంటుంది, కాలువ దాటేటప్పుడు పిల్లలు వేసేలాంటిది. చేబదుళ్లన్నిటికీ అదే మొదటిది. ఏళ్ల కిందట ఒక పొద్దున గేటు ముందు భూలక్ష్మికి నోరు పెగల్లేదు. వెనక వరస తొందరపెడుతోంది, ఆ వారం ఊరికి బిళ్ల ఇంకా ఖాయం కాలేదు. హన్మాండ్లు సరదాగా అందుకున్నాడు. గేటు తెరుచుకుంది. ఊరంతా అతని భుజం తట్టింది.

“తేట,” అంది గేటు.

భూలక్ష్మి లోపలికి వెళ్లకుండా గూటి జాలీ దగ్గరికి వచ్చింది. కొంగు ముడి విప్పి పోగుల కత్తెర తీసి అతని చేతిలో పెట్టింది. ఆమె వేళ్ల రాపిడికి దాని పిడి నున్నగా మెరుస్తోంది.

“ఇది నీ దగ్గర్నే ఉంచన్నా.”

“ఎందుకే? నేనేమన్న నేస్తనా? నేను కోసేది కోతలే, వాటికి కత్తెరెందుకు?”

ఆమె నవ్వలేదు. “రేపట్నుంచి నేనొచ్చినా రాకున్నా నా గొంతు మాత్రం నువ్వు చెప్పు. రానోళ్లకు గేటు ఫోన్ చేస్తది గదా, గప్పుడు గుడ చెప్పు. బిళ్ల పోవద్దు. నువ్వు చెప్తుంటే నేనున్నట్టే గదన్నా.”

“ఏడికి పోతున్నవ్?”

“యాడికి పోను,” అని ఆమె షెడ్డులోకి వెళ్లిపోయింది.

హన్మాండ్లు కత్తెర పట్టుకుని కూర్చున్నాడు. కూర్చోలేక లేచాడు. గూట్లో నిలబడటానికే గానీ నడవడానికి చోటు లేదు. అయినా నడిచాడు.

*

మిల్లు గోడ బయట జాన్వవ్వ టీ బండి ఉంటుంది. తాతల పేర్లు మళ్లీ ఫ్యాషనైన కాలంలో పుట్టాడు కాబట్టి అతను హన్మాండ్లు అయ్యాడు. అసలైన ముసలి తరం మాత్రం జాన్వి, ఆర్యన్ అనే పేర్లతోనే పండిపోయింది.

“ఏంరా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్. ఒక్కకాడ నిలబడు, చాయ్ ఒల్కుతది,” అంది జాన్వవ్వ.

“మూడ్ బాగలేదవ్వా.”

“నువ్వే చెప్తవు గదరా, మూడు బాగలేకుంటె నాలుగు పెట్టుకొమ్మని.”

అతను కత్తెర తీసి బండి మీద పెట్టాడు. ఎవరిదో చెప్పాడు. జాన్వవ్వ వడపోస్తున్న టీ గిన్నెను దించేసింది.

“చేతికిచ్చిందా? కింద పెట్టలేదా?”

“చేతికే.”

“సాలోళ్ల ఇంట్ల పుట్టిన పిల్ల కత్తెర చేతికిస్తదారా? అడిగితె గుడ ఇయ్యరు. ఇచ్చినా కింద పెడితె మనం తీస్కోవాలె. దసరకు బొట్టు పెట్టుకునే కత్తెర అది.” ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. “మా చెల్లె గిట్లనే ఒకనాడు పొద్దుగాల తన గాజులన్ని తీసి నా చేతుల పెట్టింది. నీకు మంచిగుంటయక్కా అన్నది. నేను సంబరంగ తొడుక్కున్న. పొద్దుగూకెసరికి...”

ఆమె బండి మీద ఈగలు తోలింది.

“మా కాలంల దీన్ని డిప్రెషన్ అంటుండె. సముద్రంల పట్టేదాన్ని గుడ గదే అంటుండె. తుపానొస్తుందంటే ఊర్లు ఖాళీ చేపిస్తుండె. మనిషికొస్తే ఏం చేపిస్తరు? మంచిగ తిను, గుడికి పో, అంటుండె. ఇగ మీ కాలంల గేటు పెట్టిన్రు. అది తేట అంటది, మీరు చప్పట్లు కొడ్తరు. పిల్లను దవాఖానకు తోలుకపో హన్మాండ్లూ. ఇయ్యాల్నే.”

“ఏ దవాఖాన అవ్వా?”

జాన్వవ్వ రోడ్డు అవతలి షెడ్డును చూసింది. ‘మనోమేఘ చికిత్సా కేంద్రం’ అన్న అక్షరాలు ఇంకా ఉన్నాయి, వాటి కింద నూలు మూటలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఊరు దాన్ని మబ్బుల దవాఖాన అనేది. గేటు పెట్టిన కొత్తలో అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. గొంతులు మొదటిసారి నమోదు చేసిన రోజున ఆమె గేటు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరి గొంతైనా కొత్తగా ఎక్కించాలంటే వైద్యుల ఎదుటే పలకాలని చట్టం. తర్వాత మానేరుగడ్డలో మబ్బు గొంతన్నదే వినబడకుండా పోయింది. నిర్మేఘ పట్టణం అన్నారు, శాలువా కప్పారు, రోగులు లేని ఊరికి డాక్టరెందుకని ఆమెను ఎక్కడో మబ్బు పట్టిన ఊరికి పంపేశారు. ఆ వీడ్కోలు సభకు వ్యాఖ్యాత హన్మాండ్లే. ‘కోడి కూయకముందే మబ్బుల లేచి మబ్బుల దవాఖానకు పోయే బాధ తప్పింది’ అంటే జనం విరగబడి నవ్వారు.

టీ తాగకుండానే గ్లాసు పెట్టేశాడు.

*

దవాఖాన తలుపు మీది పిలుపుపలక ఇంకా పని చేస్తోంది. చెయ్యి ఆనించి, భూలక్ష్మి పేరు చెప్పాడు.

“భూలక్ష్మి గారు ఈ ఉదయం తేటగా పలికారు,” అంది పలక, తేనెలో ముంచిన గొంతుతో. “గత నమోదులన్నీ తేటవే. మీ ఆందోళనకు ధన్యవాదాలు.”

“పలికింది ఆమె గాదు. నేను.”

“ఇతరుల స్థితి గురించి ఫిర్యాదులు స్వీకరించబడవు. వైద్యుని పిలవడానికి స్వరద్వారానికి మాత్రమే అధికారం ఉంది.”

“నీ స్వరద్వారంల మన్నువడ! నేను చెప్తున్న గదనే, అది ఆమె గొంతు గాదని!”

“మీ స్వరంలో ఉత్సాహం కనిపిస్తోంది. శుభదినం.”

హన్మాండ్లు కాలితో తలుపును తన్నాడు. లోపలి నూలు మూట ఒకటి మెల్లగా పక్కకు ఒరిగింది. అంతకు మించి జిల్లా యంత్రాంగంలో ఎలాంటి చలనమూ కలగలేదు.

అక్కడి నుంచి ఆసు విభాగానికి పరుగెత్తాడు. భూలక్ష్మి భర్త సదానందం అక్కడ పడుగు నూలు సరిచేస్తుంటాడు. పేరుకు తగ్గట్టు సదా ఆనందంగా ఉండే మనిషి కాడు గానీ, గొడవలకు పోని మనిషి.

“బావా, భూలక్ష్మి ఎట్లుంటుంది ఇంట్ల?”

“మంచిగనే ఉంటది.” సదానందం ఫోను తీసి చూపించాడు. తెర మీద చిన్న ఇల్లు, పైన నీలం రంగు. ‘మీ ఇంటి ఆకాశం: తేట’. “రోజు చూస్త. ఒక్కనాడు గుడ మబ్బు రాలే.”

“ఫోన్ల గాదు, ఇంట్ల ఎట్లుంటుంది?”

సదానందం చేతులు నూలు మీదే ఆగాయి. “నిద్రవోదు. లేచి చూస్తె మంచం మీద కూసోనుంటది. బువ్వ ముందట వెట్టుకొని చూస్తది. ఏమైందే అంటే ఏంగాలే అంటది. నాగ్గుడ అనుమానమొచ్చింది. మల్ల ఫోన్ చూస్త, తేట అని ఉంటది. మిషనుకు తెల్వనిది నాకేం తెలుస్తదని...”

“బావా, ఆ తేట నాది.”

“ఏంది?”

“ఆమె గొంతు నేను చెప్తున్న. మొదట్నుంచి. అందరి లెక్కనే నీగ్గుడ ఎర్కే అనుకున్న.”

సదానందానికి ఎరుక లేదు. అతను వేకువ షిఫ్టులో ఇంకో గేటు నుంచి వస్తాడు. ఆసు చక్రం తిరుగుతూనే ఉంది, నూలు చిక్కుపడుతూనే ఉంది. అతను దాన్ని ఆపలేదు. హన్మాండ్లును కొట్టడానికి చెయ్యి లేపాడు. లేపిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

“నేను గా ఫోన్ చూసుకుంట పండుకున్న గదనే,” అన్నాడు.

హన్మాండ్లు కత్తెర చూపించాడు. జాన్వవ్వ చెప్పింది చెప్పాడు. “ఆమె పక్కకెల్లి కదలకు బావా. పని పాడైతే పాడాయె. నీళ్లకు లేచినా ఎంబడే పో.”

సదానందం అప్పటికే పరుగెత్తుతున్నాడు.

*

సాంచాల షెడ్డులో మరమగ్గాల చప్పుడు చెవుల్లో కాదు, పళ్లలో వినిపిస్తుంది. భూలక్ష్మి మగ్గం ముందు నిలబడి ఉంది. పోగు తెగి, మగ్గం ఆగి, ఎర్రదీపం వెలుగుతోంది. ముడి వెయ్యడానికి చెయ్యి లేవడం లేదు. సదానందం ఆమె పక్కన స్తంభానికి ఆనుకుని, ఏం మాట్లాడాలో తెలియని మనిషి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

హన్మాండ్లు ఆమె చెవి దగ్గరికి వంగాడు.

“మాపటికి షిఫ్ట్ ఇడిచేటప్పుడు గేటు మల్ల అడుగుతది గదా, గప్పుడు నీ గొంతుతోని చెప్పు చెల్లె. మంచిగ లేనని చెప్పు. గంతే. డాక్టర్ వస్తది.”

“ఇయ్యాల?” ఆమె మొదటిసారి అతని కళ్లలోకి చూసింది. “ఇయ్యాల తనిఖీ ఉన్నది. బిళ్ల మల్ల ఇచ్చే రోజు. ఒక్క మబ్బు పడితె ఊరంత బందు అని పురుషోత్తం సార్ చెప్పలేదా? నా వల్ల గిన్ని సాంచాలు బందైతే? గాళ్లందరి ముఖాలు ఎట్ల చూడాలె అన్నా? వద్దు. నీ పుణ్యముంటది, నువ్వే చెప్పు. బిళ్లొచ్చినంక...”

“వచ్చినంక?”

ఆమె ఎర్రదీపం వైపు తిరిగిపోయింది.

గూటికి తిరిగి వచ్చేసరికి మేనేజరు పురుషోత్తం అక్కడ చెమటలు కక్కుతున్నాడు. మంచివాడే, కానీ మంచితనానికీ బీపీకీ మధ్య నలిగిపోయిన మనిషి.

“ఎక్కడ తిరుగుతున్నావయ్యా? తనిఖీకి ఉల్లాస శాఖ నుంచి ఇందుమతి మేడం వచ్చేశారు. షిఫ్టు దిగేటప్పుడు గేటు దగ్గరే కూర్చుని వింటారట. నీ గొంతు బాగుందా? గోరువెచ్చని నీళ్లు తాగు. మిరియం ఏమైనా కావాలా?”

“సార్, ఒకరిద్దరికి నిజంగనే బాగలేదు సార్.”

“నాకూ బాగలేదు. నాకెవరున్నారు?” అన్నాడు పురుషోత్తం. జోకు వెయ్యలేదు. మాట జారిందని అతనికే అప్పుడు తెలిసింది. చుట్టూ చూసుకుని, “ఈ ఒక్కరోజు గడవనీ హన్మాండ్లూ,” అంటూ వెళ్లిపోయాడు.

హన్మాండ్లు గూట్లో కూర్చున్నాడు. లేచాడు. కూర్చున్నాడు. ఒక ఉపాయం తట్టింది. ఇన్నాళ్లూ ఆమె ఉత్సాహం పలికినవాడు ఒక్కసారి ఆమె దిగులు పలకలేడా? ఆమె గొంతులోనే మబ్బు పలికితే చాలు, గేటే డాక్టరును పిలుస్తుంది. మైకు ఆపి మెల్లగా ప్రయత్నించాడు. “మంచిగ లేను.” కాలువ దాటే గెంతు వచ్చింది. “మంచిగ లేను.” మళ్లీ అదే. ఇవాళ్టి ఆమె గొంతు ఎలా ఉంది? పొద్దున జాలీ దగ్గర మాట్లాడింది, ఇప్పుడే చెవి పక్కన మాట్లాడింది, అయినా గుర్తుకు రావడం లేదు. ఊళ్లో పిచ్చుకల దగ్గర్నుంచి ప్రెషర్ కుక్కర్ల దాకా ఒక్కసారి వింటే పట్టేసే చెవి అది. ఆమె బదులు పలకడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆమె పలికేది వినడం మానేసింది.

ఆ గొంతు వచ్చినా, అది ఇంకో చేబదులే అవుతుంది.

బయట షిఫ్టు సైరను కూసింది.

*

ఇందుమతి సన్నటి మనిషి. గేటు పక్కన కుర్చీలో, ఒడిలో తోలుసంచి పెట్టుకుని కూర్చుంది. ప్రయాణపు అలసటో మరేదో, నవ్వు మాత్రం ఉద్యోగానికి తగినంతే నవ్వింది. పురుషోత్తం ఆమెకు కొబ్బరినీళ్లు ఇచ్చాడు. వరస షెడ్డు గుమ్మం దాకా సాగింది. అందరూ ఒకసారి గేటునీ, ఒకసారి గూటినీ చూసుకుంటున్నారు.

హన్మాండ్లు మైకు తీగ ఊడబీకాడు. గూటి తలుపు తీసుకుని బయటికొచ్చి, వరసలో సుభద్రకు ముందు నిలబడ్డాడు.

“ఏందన్నా?” అంది సుభద్ర గుసగుసగా. “నా గొంతు?”

“నీ కాడనే ఉన్నది సుభద్రా. చూస్కో.”

“హన్మాండ్లూ, నీ సీటు అక్కడ కదా!” అన్నాడు పురుషోత్తం.

అతను అరచెయ్యి పలక మీద పెట్టాడు.

“నమస్కారం హన్మాండ్లు గారూ. ఇవాళ ఎలా ఉన్నారు?”

నోరు తెరవగానే అలవాటుగా సుభద్ర గొంతు నాలుక మీదికొచ్చింది. తోసేశాడు. అనసూయ గొంతు, రత్తవ్వ ముక్కు, కాలువ దాటే గెంతు, ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వచ్చాయి. అన్నీ తోసేశాక సభల గొంతు వచ్చింది, చమత్కారం సిద్ధం చేసుకుని మరీ వచ్చింది. దాన్నీ తోసేశాడు. అడుగున ఇంకేమీ లేదేమోనని భయమేసింది.

ఉంది. పొడిగా, చిన్నగా, ఎవరూ వాడని గదిలా ఉంది.

“మంచిగ లేను,” అన్నాడు. “శాన దినాలాయె.”

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. హన్మాండ్లు మాట్లాడితే నవ్వడం ఊరికి అలవాటు. ఆ నవ్వు పక్కవాళ్లను చేరేలోపే చచ్చిపోయింది.

గేటు చాలాసేపు నెమరేసింది. నీలం పక్కనే ఉన్న బూడిద రంగు దీపం వెలిగింది. దాని మీద ఎంత దుమ్ముందో అప్పుడు కనిపించింది. “మబ్బు,” అంది గేటు. పైన పళ్లికిలిస్తున్న సూర్యుడు ఆరిపోయాడు.

“చచ్చాం,” అన్నాడు పురుషోత్తం, నేల మీద చతికిలబడి.

“నీ నోట్ల మన్నువొయ్య! మా పిల్లల నోట్ల మన్ను కొడ్తివి గదరా!” అని రత్తవ్వ అరిచింది, ముక్కుతో మొదలుపెట్టి గుండెతో ముగించి. వరస కకావికలైంది. ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. అతను విడిపించుకోలేదు. జనం మధ్యలోంచి భూలక్ష్మిని వెతుక్కుని ఆమెతోనే మాట్లాడాడు, ఇంకా ఆ పొడిగొంతుతోనే.

“బిళ్ల నాతోని పోయింది చెల్లె. తిట్లన్ని నాకే. ఇగ నువ్వేం చెప్పినా కొత్తగ పోయేది ఏం లేదు. జర చెప్పరాదు.”

ఆమె కదల్లేదు. సదానందం ఆమె మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు. లాగలేదు, తొయ్యలేదు. కాసేపటికి ఆమే నడిచింది. చొక్కా పట్టుకున్న చేతులు వదిలేశాయి. భూలక్ష్మి అరచెయ్యి పలక మీద పెట్టింది.

“నమస్కారం భూలక్ష్మి గారూ. ఇవాళ ఎలా ఉన్నారు?”

ఆమె కళ్లు గూటి వైపు వెళ్లాయి. గూడు ఖాళీగా ఉంది, తెరిచిన తలుపు గాలికి కొట్టుకుంటోంది. గేటు మళ్లీ అడిగింది.

“మంచిగ లేను,” అంది భూలక్ష్మి.

ఆ గొంతులో గెంతు లేదు. నానిన నూలులా బరువుగా ఉంది. హన్మాండ్లు దాన్ని మొదటిసారి వింటున్నట్టు విన్నాడు.

రెండు దీపాలూ వెలిగాయి, ఆరాయి, మళ్లీ వెలిగాయి.

“స్వరం సరిపోలలేదు. మీరు భూలక్ష్మి కారు.”

“ఏంది?”

“మీరు భూలక్ష్మి కారు. దయచేసి పక్కకు తప్పుకోండి,” అంది, ఇన్నేళ్లూ హన్మాండ్లు పలికిన గొంతునే ఆమెదిగా దిద్దుకుంటూ వచ్చిన గేటు.

ఆమె ముఖంలో ఏదో కదిలింది. సదానందం ఆ ముఖంలో కదలిక చూసి చాలా రోజులైంది. అది కోపం.

“నేను గాకపోతె ఎవరు మరి?” అంది. “రోజు ఈడ నిలబడ్డది ఎవరు? నేనే భూలక్ష్మిని. నిద్రలేనిది నాకు. బువ్వ సయించనిది నాకు. నన్ను పక్కకు పొమ్మంటవా?”

ఇందుమతి కుర్చీలోంచి లేచింది. ఆమె ఒడిలోని తోలుసంచి జారి కింద పడింది, తీసుకోలేదు.

గేటు లోపల ఎక్కడో, శాలువాల కింద పూడిపోయిన పాత చట్టం ఒకటి కళ్లు నలుపుకుని లేచింది.

“స్వరం సరిపోలలేదు. కొత్త నమోదు అవసరం. నమోదుకు వైద్యుల సమక్షం తప్పనిసరి. జిల్లా కేంద్రం నుంచి వైద్యుని పిలవడమైనది. వైద్యుడు వచ్చే వరకు, స్వరసేకరణ కోసం, దయచేసి మాట్లాడుతూ ఉండండి.”

మగ్గాలు ఆగిన షెడ్డులోంచి నూలు దుమ్ము మెల్లగా బయటికి వస్తోంది. ఇందుమతి తన కుర్చీని రెండు చేతులతో ఎత్తి భూలక్ష్మి వెనక వేసింది.

భూలక్ష్మి కూర్చుని హన్మాండ్లు వైపు చూసింది.

“ఏం చెప్పాలె అన్నా?”

ఆమెకు ఏళ్ల తరబడి మాటలు అందించినవాడు నోరు విప్పలేదు. జేబులోంచి కత్తెర తీసి, ఆమె అందుకునేంత దూరంలో నేల మీద పెట్టి, గేటు ముందు గొంతుక్కూర్చున్నాడు. అతని వెనక సుభద్ర కూర్చుంది. తిట్టీ తిట్టీ అలసిన రత్తవ్వ కూర్చుంది. వరస వరసంతా, షెడ్డు గుమ్మం దాకా, నేల మీద కూర్చుంది.

“పొద్దుగాల లేవాల్నంటే,” అంది భూలక్ష్మి గేటుతో, ఆగి, “లేవాల్నంటే ఎట్లుంటదంటే...”

“వింటున్నాను,” అంది గేటు. “చెప్పండి.”